చాటలో వెల్లకిలా: పసిబిడ్డ నిద్రకూ ఒక చరిత్ర ఉంది

ప్రతి ఏటా ఆగస్టు 9 వచ్చిందంటే మనం మన భాష గురించి, భూమి గురించి, పోరాటాల గురించి మాట్లాడుకుంటాం. 1982లో అదే రోజున ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ ప్రజల సమస్యలపై ఏర్పడిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. 1994లో ఆ రోజును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. ఈ ప్రత్యేక సంచికలో కూడా అలాంటి పెద్ద విషయాల మీద పెద్దలు రాసిన వ్యాసాలు ఉంటాయి. ఈ వ్యాసం మాత్రం చాప మీద పడుకున్న పసిగుడ్డు గురించి. చదువుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ దీనితో ఏం పని అని అనుకోవద్దు. మన ఇళ్లలో అమ్మ పనికి వెళితే బిడ్డను పడుకోబెట్టేది ఎక్కువగా అప్పలూ అన్నలూ అవ్వలే. పైగా రేపటి తల్లిదండ్రులు మీరే.

బిడ్డను ఎలా పడుకోబెట్టాలి అన్న చిన్న ప్రశ్న మీద గత శతాబ్దంలో ప్రపంచమంతా ఒకసారి దారి తప్పింది. దానికి వేల ప్రాణాలు పోయాయి. ఆ దారి సరిచేసుకునే క్రమంలో ఒక ఆదివాసీ జాతి ప్రపంచానికే పాఠం చెప్పింది. ఆ చరిత్ర తెలిస్తే పలాస, టెక్కలి, మందస, మెళియాపుట్టి కొండల్లోనూ ఉద్దానం తీరంలోనూ మన ఇళ్లలో ఏది నిలబెట్టుకోవాలో, ఏది వదిలిపెట్టాలో మనమే తేల్చుకోగలం.

చాట, చాప, బొబ్బట్లు

పాతకాలంలో పురిటింట్లో మంత్రసాని బిడ్డను అందుకున్నాక పడుకోబెట్టేది చాటలోనే. ధాన్యం చెరిగే వెదురు చాటలో మెత్తటి పాత చీర ముక్క పరిచి బిడ్డను వెల్లకిలా ఉంచేవారు. దీన్ని ఆచారం అనుకునే చేసేవారు. అయితే అందులో ఉన్న తెలివి చూడండి. చాట అడుగు గట్టిగా ఉంటుంది. అంచులు తక్కువ ఎత్తు. వెదురు అల్లికలోంచి గాలి ఆడుతుంది. దిండు పెట్టే చోటే లేదు. బిడ్డ ముఖం ఇంట్లో అందరికీ కనబడుతుంది. తరవాత బిడ్డ నేల మీద చాపకు మారేది. చాప కూడా గట్టి పక్కే, అందులో ముక్కు కూరుకుపోదు.

మైదాన ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఒక ముచ్చట ఉంది. బిడ్డ తొలిసారి తనంతట తాను బోర్లా పడిన రోజున బొబ్బట్లు వండి పంచుతారు. అడుగులు వేస్తే అరిసెలు వండుతారు. బోర్లా పడడం పండుగ అయిందంటే అర్థం ఏమిటి? అంతవరకూ బిడ్డ వెల్లకిలానే పడుకుందన్నమాట. మెడ, భుజాలు, నడుము బలపడి తనే తిరగగలిగిన నాడు ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఏ పుస్తకంలోనూ రాయకపోయినా, బిడ్డ పడక వెల్లకిలా అన్నది ఈ ముచ్చటలోనే దాగి ఉంది.

మరి మన సవర ఇళ్లలో? చంటిపిల్లల నిద్రకూ, జోలకూ, పక్కకూ సవర భాషలో ఉన్న మాటలు మన అవ్వల నోళ్లలో ఉన్నాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు కొండలు తిరిగి మన భాష నేర్చుకుని 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఆ మధ్యలోనే, 1936లో, మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపిని ఇచ్చారు. భాష కోసం అంత పని జరిగిన జాతి మనది. పిల్లల పెంపకం గురించి అవ్వలు చెప్పే మాటలను వాళ్లుండగానే రాసి పెట్టుకోవడం ఈ తరం పని.

పుస్తకాలు దారి తప్పిన కాలం

ఇక ప్రపంచం సంగతి. బిడ్డ నిద్రలో చనిపోవడం కొత్త విషయం కాదు. బైబిల్లో సొలొమోను తీర్పు కథకు మొదలే అది. రాత్రి తల్లి తెలియక మీద పడడంతో ఒక బిడ్డ చనిపోయింది. ఆ తరవాతే ఇద్దరు తల్లుల మధ్య తగవు వచ్చింది.

1940ల నుంచి అమెరికాలో, యూరప్‌లో పిల్లల పెంపకం పుస్తకాలు కొన్ని కొత్త మాట చెప్పడం మొదలుపెట్టాయి. బిడ్డను బోర్లా పడుకోబెట్టండి అని. అప్పట్లో అందరికంటే పేరున్న రచయిత డాక్టర్ బెంజమిన్ స్పాక్. ఆయన పుస్తకం మొదట 1946లో వచ్చింది. 1950ల రెండో సగంలో వచ్చిన ముద్రణల్లో ఆయన కూడా బోర్లా పడకనే మెచ్చుకున్నారు. కారణాలు రెండు చెప్పారు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయి, తల వెనక భాగం చదునైపోతుంది. వినడానికి రెండూ సబబుగానే ఉన్నాయి. కోట్ల మంది తల్లులు నమ్మారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు బోర్లా ఉంచితే ఊపిరి బాగా అందుతోందని ఆసుపత్రుల్లో గమనించడంతో ఆ అలవాటు మరింత బలపడింది. అక్కడ నర్సు కళ్లెదుట, పరికరాల మధ్య ఉన్న బిడ్డకు పనికొచ్చింది ఇంట్లో చీకట్లో ఒంటరిగా పడుకున్న బిడ్డకు పనికిరాదన్న తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

దాంతో తొట్టెల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలే తెల్లారేసరికి చనిపోయి కనబడడం పెరిగింది. 1969లో దీనికి ‘ఆకస్మిక శిశు మరణం’ అన్న అర్థంలో వైద్యులు ఒక పేరు పెట్టారు. పేరు దొరికింది గానీ కారణం తెలియలేదు. నెదర్లాండ్స్‌లో 1970ల మొదట్లో బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చారు. ఆ తరవాత అక్కడ ఈ మరణాలు పెరిగాయి.

సంకేతాలు లేకపోలేదు. 1944లోనే న్యూయార్క్‌లో హెరాల్డ్ అబ్రామ్సన్ అనే వైద్యుడు పక్కలో ఊపిరాడక చనిపోయిన పిల్లల్లో ఎక్కువ మంది బోర్లా పడుకున్నవారేనని రాశాడు. ఆ మాట మరుగున పడిపోయింది. 2005లో బ్రిటన్ పరిశోధకురాలు రూత్ గిల్బర్ట్, ఆమె సహచరులు పాత లెక్కలన్నీ తిరగేశారు. బోర్లా పడక ప్రమాదమని చెప్పడానికి చాలినంత ఆధారం 1970 నాటికే ఉందని తేల్చారు. ఆ రోజుల్లోనే ఆ ఆధారాలను ఒకచోట చేర్చి చూసి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కలిపి కనీసం 50,000 మంది పసిపిల్లలు బతికేవారని వారి అంచనా. చదువుకున్నవాళ్లు రాసిన మాట అయినా సరే ఆధారం అడగాలి అన్నది ఇక్కడి మొదటి పాఠం.

మళ్లీ వెల్లకిలా

దారి సరిదిద్దినవాళ్లలో ఆస్ట్రేలియా అడిలైడ్‌కు చెందిన డాక్టర్ సుసాన్ బీల్‌ను గుర్తుంచుకోవాలి. 1970ల నుంచి ఆమె బిడ్డ చనిపోయిన ఇళ్లకు స్వయంగా వెళ్లేవారు. పక్క ఎలా ఉంది, బిడ్డను ఎలా పడుకోబెట్టారు, ఏ స్థితిలో కనబడింది అని తల్లిదండ్రులను నెమ్మదిగా అడిగి రాసుకునేవారు. అలా వందల ఇళ్లు తిరిగాక 1980లలో బోర్లా పడుకోబెట్టవద్దని గట్టిగా చెప్పారు. నెదర్లాండ్స్‌లో డాక్టర్ గూస్ ద యోంగె 1987లో అదే మాట ప్రచారంలోకి తెచ్చారు. న్యూజిలాండ్‌లో 1987 నుంచి 1990 దాకా మూడేళ్ల పెద్ద అధ్యయనం జరిగింది. బోర్లా పడక, తల్లి పొగతాగడం, తల్లిపాలు ఇవ్వకపోవడం ఈ మరణాలతో ముడిపడి ఉన్నాయని తేలింది. 1991లో న్యూజిలాండ్, బ్రిటన్ దేశవ్యాప్తంగా ప్రచారం చేశాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో సలహా మార్చుకుంది. అక్కడ 1994లో ప్రచారం మొదలైంది.

ఫలితం వెంటనే కనబడింది. అమెరికాలో 1990లో ప్రతి లక్ష జననాలకు సుమారు 130 ఆకస్మిక శిశు మరణాలు నమోదయ్యేవి. తరవాతి కాలంలో అవి 40కి దగ్గరగా పడిపోయాయి. కొత్త మందూ లేదు, టీకా లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టడమే. మన మంత్రసాని చాటలో పెట్టిన తీరుకే ప్రపంచం యాభై ఏళ్లు తిరిగి వచ్చి చేరింది.

మావోరీల బుట్ట

అయితే న్యూజిలాండ్‌లో ఒక బాధ మిగిలిపోయింది. తెల్లవారి ఇళ్లలో మరణాలు బాగా తగ్గాయి. అక్కడి ఆదివాసులైన మావోరీల ఇళ్లలో అంతగా తగ్గలేదు. కారణాలు వెతికితే రెండు బయటపడ్డాయి. గర్భంతో ఉన్నప్పుడు పొగతాగే తల్లులు ఎక్కువ. బిడ్డను తల్లి పక్కలోనే పడుకోబెట్టుకునే సంప్రదాయం ఉంది. ఈ రెండూ కలిసిన చోట ప్రమాదం బాగా పెరుగుతుంది. బిడ్డతో కలిసి పడుకోవద్దని అధికారులు చెబితే మావోరీ ఇళ్లు వినలేదు. బిడ్డను దూరం పెట్టమనడం వాళ్ల మనసుకు ఎక్కలేదు. ఆ మాట మన అవ్వలకు చెప్పినా వినరు.

అప్పుడు మావోరీ వైద్యుడు డేవిడ్ టిపెనె-లీచ్, అల్లిక పని తెలిసిన మావోరీ స్త్రీలు కలిసి ఒక దారి కనిపెట్టారు. 2006లో హరకెకె అనే తమ నార మొక్క ఆకులతో చిన్న పడక బుట్ట అల్లారు. దాని పేరు వహకుర. బిడ్డ తల్లి పక్క మీదే, తల్లి చేతికి అందేంత దగ్గరలోనే ఉంటుంది. కానీ తనదైన గట్టి పడకలో, వెల్లకిలా, ఎవరూ మీద పడకుండా ఉంటుంది. సంప్రదాయం పోలేదు, ప్రమాదం తగ్గింది. తరవాత జరిగిన అధ్యయనంలో ఈ బుట్ట మామూలు తొట్టెకు భద్రతలో తీసిపోలేదని తేలింది. ఆరు నెలలకు కూడా పూర్తిగా తల్లిపాలు తాగుతున్న పిల్లలు బుట్ట వాడిన ఇళ్లలోనే ఎక్కువ ఉన్నారు.

2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ నగరంలో భూకంపం వచ్చింది. ఇళ్లు పోయి ఒక్కో గదిలో రెండు మూడు కుటుంబాలు సర్దుకోవాల్సి వచ్చింది. అలా ఇరుకున పడుకునే చోట పసిబిడ్డలకు ప్రమాదమని గుర్తించి, బుట్ట పద్ధతిలోనే ప్లాస్టిక్ పెట్టె అడుగున గట్టి పరుపు వేసి ‘పెపీ పాడ్’ పేరుతో పంచారు. 2009 నుంచి 2015 మధ్య న్యూజిలాండ్‌లో తొలి వారం దాటిన పసిపిల్లల మరణాలు 29 శాతం తగ్గాయి. ఎక్కువగా తగ్గింది మావోరీ పిల్లల్లోనే. జాతి తన చేతి పనితో తన పిల్లలను కాపాడుకుంది.

మన నేల మీద ఇదెలా వర్తిస్తుంది?

మొదటిది తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గర్లో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మహేంద్రగిరి నుంచి వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పొంగింది. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయినప్పుడు జనం బడుల్లో, తుఫాను ఆశ్రయాల్లో, చుట్టాల ఇళ్లలో ఒకరి పక్కన ఒకరు పడుకోవాల్సిందే. క్రైస్ట్‌చర్చ్‌లో వచ్చిన ప్రమాదమే అక్కడా ఉంటుంది. తడి దుప్పట్లు, గోనెసంచులు, అలసి సోలిపోయిన పెద్దలు, మధ్యలో నెలల బిడ్డ. తుఫాను వస్తుందంటే బియ్యం, టార్చిలైటు, ఆధార్ కార్డు సర్దుకుంటాం. నెలల బిడ్డ ఉన్న ఇల్లయితే ఒక చాట గానీ వెడల్పాటి గట్టి బుట్ట గానీ కూడా సర్దుకోవాలి.

రెండోది పని. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కల పనికి, తోటల పనికి, కొండ మీద పోడుకు వెళ్లే తల్లి బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టి వెళుతుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను ఎవరో తెలియక ఒక్కసారి బోర్లా పడుకోబెడితే, అలవాటు లేని ఆ బిడ్డకు ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. తల్లికి తెలిస్తే చాలదు. బిడ్డను పట్టుకునే ప్రతి చేతికీ తెలియాలి.

మూడోది పొగ. మన జిల్లాకు ఒక చేదు చరిత్ర ఉంది. చుట్ట నిప్పు కొనను నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ గురించి శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ఒక అధ్యయనం వెలువరించారు. అందులో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే, వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు. అంగిలి పుండ్ల గురించి, క్యాన్సర్ గురించి చేసిన పరిశోధన అది. గర్భిణి పొగ తాగినా, బిడ్డ ఉన్న గదిలో ఎవరు తాగినా ఆ పొగ బిడ్డ ఊపిరికీ ముప్పే. నిద్రలో ఊపిరి ఇబ్బంది అయితే ఉలిక్కిపడి లేచే గుణం పొగ వల్ల బిడ్డలో మందగిస్తుంది. చుట్ట బయట అరుగు దిగి కాల్చాలి. బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం, కట్టెల పొయ్యి పక్కన పడుకోబెట్టడం కూడా మానాలి.

నాలుగోది కల్లు, సారా. జీలుగు కల్లు మన పండుగల్లో భాగం. కాదనడం లేదు. కానీ కల్లు తాగిన రోజు, మత్తు మందు బిళ్ల వేసుకున్న రోజు ఆ మనిషి, తల్లి అయినా తండ్రి అయినా, బిడ్డతో ఒకే పక్క మీద పడుకోకూడదు. మత్తులో మన చేయి బిడ్డ మీద పడినా మనకు తెలియదు.

అవ్వ అడిగే ప్రశ్నలు

మీరు ఇంటికెళ్లి ఈ మాటలు చెబితే అవ్వ ఊరుకోదు. అడుగుతుంది. సమాధానం మీ దగ్గర ఉండాలి.

“వెల్లకిలా ఉంటే పాలు కక్కి గొంతుకు అడ్డం పడదా?” పడదు. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కినది పల్లానికే జారుతుంది గనక మళ్లీ అన్నవాహికలోకే పోతుంది. బోర్లా ఉంటే ఊపిరి గొట్టమే కిందికి వస్తుంది. అందుకని పాలు పట్టాక కాసేపు భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, వెల్లకిలా పడుకోబెడితే చాలు.

“మరి బోర్లా ఉంటే హాయిగా గాఢంగా నిద్రపోతుంది కదా?” ఆ గాఢతే ప్రమాదం. పక్కలో ముఖం ఉన్న బిడ్డ తాను వదిలిన గాలినే తిరిగి పీలుస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది, మెలకువ తొందరగా రాదు.

“ఒత్తిగిలి పడుకోబెడితే?” పక్కకు ఉన్న బిడ్డ సులువుగా బోర్లా దొర్లుతుంది. వెల్లకిలానే మంచిది.

“తల చదునవుతుంది, ఆవాల దిండు పెట్టనీ.” దిండు వద్దు. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అక్కర్లేదు. బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, పెద్దలు ఎదురుగా కూర్చుని, రోజూ కొంతసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించాలి. మెడ బలపడుతుంది, తల గుండ్రంగా వస్తుంది. నిద్రకు వెల్లకిలా, ఆటకు బోర్లా.

“చీర ఉయ్యాల మన తాతల నాటిది.” నిజమే. ఏడ్చే బిడ్డను ఊపి ఓదార్చడానికి ఉయ్యాల మంచిదే. కానీ గుడ్డ ఉయ్యాలలో బిడ్డ విల్లులా వంగుతుంది. గడ్డం గుండెకు ఆనుకుంటే ఊపిరి దారి ఇరుకవుతుంది. పక్కల గుడ్డ ముఖం మీదికి ముడుచుకుంటుంది. ఉయ్యాలలో ఉన్నంతసేపు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి, నిద్ర పట్టాక తీసి చదునైన చాప మీద వేయాలి. బిడ్డను గుడ్డలో కట్టుకుని నడిచేటప్పుడు కూడా ముఖం కనబడుతోందా, గడ్డం పైకి ఉందా అని చూసుకోవాలి.

“కొండ మీద చలి, కప్పకపోతే ఎలా?” ఒంటికి సరిపడా బట్టలు వేయాలి. వదులు బొంత ముఖం మీదికి వస్తుంది గనక దాన్ని కప్పకూడదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే తల్లి గుండెకు ఆనించి ఉంచే పద్ధతి ఉంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, వెచ్చని పెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతి అది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని సిఫారసు చేస్తోంది. తల్లి మెలకువగా, ఒరిగి కూర్చుని చేయాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం నేర్పుతారు.

మన చేతిలో ఉన్న పని

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి 1,000 మందిలో 35 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారు. షెడ్యూల్డు తెగల్లో అది సుమారు 42. నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, నిమోనియా, వైద్యం ఆలస్యం అందులో పెద్ద కారణాలు. నిద్రలో పోయిన బిడ్డ ఆ లెక్కల్లో విడిగా కనబడడం అరుదు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుని మట్టి చేసేస్తాం. దుఃఖంలో ఉన్న ఆ తల్లిని తప్పు పట్టవద్దు. ప్రపంచంలోని పెద్ద పెద్ద వైద్యులకే ఈ సంగతి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

కాన్పు తరవాత ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఆ రోజుల్లో బిడ్డ పక్క కూడా చూపించి అడగండి. ఈ మరణాలు ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల మధ్యే జరుగుతాయి. ఏడాది దాకా జాగ్రత్త ఉండాలి. బిడ్డ తనే దొర్లడం నేర్చాక, వెల్లకిలా పడుకోబెట్టిన తరవాత తనంతట తాను తిరిగితే మళ్లీ మళ్లీ తిప్పక్కర్లేదు. పక్క మీద దిండు, బొంత, బొమ్మ లేకుండా చూస్తే చాలు. బిడ్డ నీలంగా మారినా, ఊపిరి తీయకపోయినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంకొకటి. వెదురు అల్లే చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. మావోరీలు తమ నారతో చేసింది మనం మన వెదురుతో చేయలేమా? అడుగు చదునుగా, గట్టిగా ఉండే, అంచులు గుచ్చుకోని, గాలి ఆడే బుట్ట. పిల్లల డాక్టరుకూ ఏఎన్ఎంకూ చూపించి, వాళ్లు సరే అన్నాక, కొత్తగా బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ ఊరి యువజన సంఘం తరఫున ఒకటి ఇస్తే అంతకంటే మంచి పురుటి కానుక ఏముంటుంది? బుట్ట ఇచ్చే రోజునే అవ్వ దగ్గర కూర్చుని, బిడ్డ నిద్రకు మన భాషలో ఉన్న మాటలు నాలుగు రాసుకురండి.

మన పెద్దలు చెప్పినదంతా పాతదని తోసేయవద్దు, పాతదంతా మంచిదని మొక్కవద్దు. చాటను, చాపను, తల్లిపాలను, తల్లి దగ్గరి వెచ్చదనాన్ని నిలబెట్టుకుందాం. పొగను, ఆవాల దిండును, మత్తు పక్కను వదిలేద్దాం. ఈ రాత్రి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో నెలల బిడ్డ ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. వెల్లకిలా ఉందా? ముఖం కనబడుతోందా?

జై ఆదివాసీ!